గడ్డం వాలు

మొన్నొక ఉదయం మా మనవడు స్నానాల గదిలోంచి బయటికొచ్చి, "తాతా, ఇది చూడు" అని మెడ పైకెత్తాడు. గడ్డం గీసుకున్న చోటల్లా ఎర్రగా పొక్కులు లేచాయి. వాడికి పదిహేడేళ్ళు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, పొక్కుల్ని ముట్టుకోకుండా వెలుతుర్లో చూశాను.

"కిందినుంచి పైకి గీశావు కదూ?" అన్నాను.

"అలా గీస్తేనే నున్నగా వస్తుంది తాతా" అన్నాడు.

వాడు మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ముక్కు కింద ఏమైనా లేచిందేమోనని వాడి పై పెదవిని రెండుసార్లు చూశాను. ఏమీ లేదు. వాడు నవ్వి వెళ్ళిపోయాడు. నేను చాలాసేపు ఆ కిటికీ దగ్గరే కూర్చుండిపోయాను.

వాడి వయసులో నేను సముద్రం ఒడ్డున ఉండేవాణ్ణి. మైపాడుకు దక్షిణంగా ఇసుక దిబ్బ మీద నలభై తాటాకు ఇళ్ళు. తూర్పున సముద్రం, పడమర ఉప్పుకాలవ. పడవెక్కి కాలవ దాటితేగాని రోడ్డు లేదు. ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా రెండే వాసనలు. ఇసుక మీద ఎండేసిన నెత్తళ్ళ చేపల వాసన ఒకటి, పెద్ద కాగుల్లో తుమ్మచెక్క ఉడకేసి, కుళ్ళకుండా అందులో వలలు ముంచే వాసన ఇంకొకటి. మా నాయన తెల్లవారకముందే తెప్ప మీద వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. అమ్మ గంపనెత్తుకుని కాలవ అవతలి ఊళ్ళలో చేపలమ్మేది. ఇంటిపట్టున ఉండేది అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి. పొద్దున అమ్మ చేసిపెట్టిన మామిడికాయ ముక్కల చేపల పులుసు, మధ్యాహ్నానికి ముక్కకు పులుపు పట్టాక, అవ్వ చద్దన్నంలో వేసి ముద్దలు కలిపి పెట్టేది. ఆ పులుసు కోసం నేను బడి ఎగ్గొట్టి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

నేను హైస్కూలు ఆఖరి తరగతిలో ఉన్నాను. మా పల్లెలో అంతదూరం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. బడి మూసే ముందు ఏటా ఒక నాటకం వేసేవాళ్ళు. నా గొంతు సన్నగా ఉండేది కాబట్టి మూడేళ్ళుగా రాణి వేషం నాదే. ఆ ఏడు మాత్రం రిహార్సలులో మా తెలుగు ఐవోరు నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసి, "ఏందిరా ఇది, రాణిగారికి మీసాలొచ్చినాయే!" అన్నాడు. పిలకాయలందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "రేపటికల్లా తీసేసుకోని రా, లేదంటే వేషం ఇంకొకడికి ఇస్తా" అన్నాడాయన.

మాటైతే తేలిగ్గా అన్నాడు. మా ఇంట్లో మాత్రం కత్తి, బ్లేడు అన్న మాటలే పలకకూడదు.

అందుకు కారణం మా మామ. అమ్మకు అన్న. నేను పుట్టకముందే పోయాడు. ఆ కథ అవ్వ నాకు మధ్యాహ్నాలు నెత్తళ్ళ తలలు తుంచుతూ చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క ముక్క తేడా ఉండేది కాదు. మామకు పెళ్ళి కుదిరింది. ఇంటి ముందు పందిరి కూడా వేశారు. శుక్రవారం మంగలి పెద్దయ్య వచ్చి గడ్డం గీశాడు. ఆదివారానికి పై పెదవి మీద, ముక్కుకు కొంచెం కింద, సెగ్గడ్డ లేచింది. మంగళవారానికి చెంప ఉబ్బింది. బుధవారానికి రెండు కళ్ళూ మూసుకుపోయి, కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు అయిపోయాడు. గురువారం ఉప్పుకాలవలో పడవ మీద పడుకోబెట్టి నెల్లూరు బయల్దేరారు. గాలి లేదు. గట్టు మీద మనుషులు తాడుపట్టి లాగారు. నెల్లూరు చేరలేదు.

"సచ్చినోడికి గీసిన కత్తి తెచ్చి నా బిడ్డకు గీసినాడు వాడు. వాడి చేతులు పడిపోను!" అని అవ్వ కథ ముగించేది. పల్లె కూడా అదే మాట నమ్మింది. అప్పట్లో మా తాత, ఇంకో నలుగురు వెళ్ళి పెద్దయ్య పొది లాక్కుని కాలవలో విసిరేశారట. పొదంటే కత్తులూ రాయీ అద్దమూ పెట్టుకునే తోలుసంచి. ఆ తర్వాత ఆయన కాలవ అవతల గుడిసె వేసుకున్నాడు. మా పల్లె గడప తొక్కలేదు. మా మగవాళ్ళకు మైపాడు నుంచి ఇంకో మంగలి పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. ఆయన్ని కూడా అమ్మ మా వాకిట్లో కూర్చోనిచ్చేది కాదు. నాయన వెళ్ళి తెప్పల దగ్గర గీయించుకుని వచ్చేవాడు. అమ్మ ఈ కథలో ఎప్పుడూ నోరు కలిపేది కాదు. అవ్వ మొదలుపెట్టగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. అన్న మీద బెంగ అనుకునేవాణ్ణి.

నాకొక స్నేహితుడుండేవాడు. వాళ్ళ నాన్న ఉప్పు కొఠారులో గుమాస్తా. ఆయన సొంతంగా రేజరుతో గీసుకునేవాడు. వాడు మర్నాడు దాన్ని చొక్కా కింద దాచి తెచ్చాడు. అప్పటికే వాడిన బ్లేడు, అంచున సన్నగా తుప్పు. ఇద్దరం సరుగుడు తోటలో కూర్చున్నాం. బట్టల సబ్బు ముక్క, డొక్కు గిన్నెలో సముద్రం నీళ్ళు.

"ఎదురు గీయాల్రా. కిందినుంచి పైకి. అట్టయితే వేళ్ళతో సహా వచ్చేస్తది, మళ్ళీ మొలవదు" అన్నాడు వాడు, ఎన్నో గడ్డాలు గీసినవాడిలా.

వాడు అద్దం పట్టుకున్నాడు. నేను గీశాను. మెడ మీద, దవడ మీద, ఆఖర్న ముక్కు కింద, అన్నిచోట్లా ఎదురే. మంట పుట్టింది. ఉప్పునీళ్ళు చల్లుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు మూడు చోట్ల నెత్తురొచ్చింది, ఇసుకతో అద్దుకున్నాం. ఇద్దరం నవ్వుకుంటూ బడికి పోయాం. నాటకంలో నా బుగ్గలు పెట్రోమాక్స్ వెలుగులో తళతళలాడాయని అందరూ అన్నారు. అమ్మ కూడా చూడ్డానికి వచ్చింది. పౌడరు కింద ఆమెకు ఏమీ కనపడలేదు.

మూడో రోజు మెడ నిండా పొక్కులు. నాలుగో రోజు నిద్ర లేచేసరికి పై పెదవి ఎడమ పక్కన, ముక్కు రంధ్రానికి కొంచెం కింద, ఏదో గట్టిగా తగిలింది. కందిగింజంత. వేలు పెట్టగానే పంటి దాకా సలిపింది.

మంచం మీద లేచి కూర్చున్నాను. బయట అవ్వ వాకిలి చిమ్ముతున్న చప్పుడు. శుక్రవారం, ఆదివారం, మంగళవారం, బుధవారం అని ఆమె చెప్పే రోజులన్నీ ఆమె గొంతుతోనే చెవుల్లో మోగాయి. నా రోజులు లెక్కపెట్టుకున్నాను.

తువ్వాలు నోటికి అడ్డం చుట్టుకుని బయటికొచ్చాను. పంటి నొప్పి అన్నాను. అవ్వ లవంగం ఇచ్చింది. ఆ రోజంతా సరుగుడు తోటలోనే ఉన్నాను. ఒక కన్ను మూసి రెండో కంటితో దూరంగా తెప్పల్ని చూడటం, మళ్ళీ కన్ను మార్చి చూడటం, అదే పని. రెండు కళ్ళూ కనపడుతున్నాయంటే ఇంకా ఒక రోజు ఉందన్నమాట. ఇంట్లో చెప్పాలని ఎన్నోసార్లు లేచాను. చెబితే అమ్మ ఏమైపోతుందో అన్న భయం ఒకవైపు, బ్లేడు సంగతి బయటపడుతుందన్న భయం ఇంకోవైపు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. చచ్చిపోతానని నిజంగా నమ్ముతూనే, తిట్లకు కూడా భయపడ్డాను.

మర్నాటికి అది రేగుపండంత అయింది. పైన తెల్లగా చిన్న మొన తేలింది. మధ్యాహ్నం గడ్డ కనపడకుండా తువ్వాలు కొంచెమే ఎత్తి నోరు తెరిచాను. అవ్వ ముద్ద పెట్టబోతే పులుసు పెదవికి తగిలి కేక పెట్టబోయి ఆపుకున్నాను. అన్నం వదిలేసి మళ్ళీ తోటలోకి పరిగెత్తాను. నా స్నేహితుడు అక్కడికొచ్చాడు. తువ్వాలు తీసి చూపించాను. వాడు కాసేపు చూసి, "మొన తేలింది రా. గుచ్చి నొక్కితే అంతా పోతుంది, అయిపోతది" అన్నాడు. పోయి నిమ్మచెట్టు ముల్లు తెచ్చాడు. తల అప్పటికే బరువుగా ఉంది. ఎలాగైనా ఆ సలుపు పోతే చాలనిపించింది. సరుగుడు మొదలుకు ఆనుకుని మొహం పైకెత్తి కళ్ళు మూసుకున్నాను.

ఒక అరుపు వినపడింది. మనిషి అరుపులా లేదది. కళ్ళు తెరిచేసరికి అమ్మ. తెప్పల కోసం ఒడ్డుకు పోతూ మమ్మల్ని చూసినట్టుంది, గంప ఎక్కడో పడేసింది. వాడి చేతిమీద ఎంత గట్టిగా కొట్టిందంటే వాడు వెనక్కి పడ్డాడు. ముల్లు ఇసుకలో పడింది. అమ్మ దాన్ని కాలితో తొక్కి, ఇసుక పోసి, మళ్ళీ తొక్కింది. ఆమె పాదంలోకే దిగిందో ఏమో, ఆమెకు తెలియలేదు.

నా మొహం రెండు చేతులా పట్టుకుంది. "ముట్టుకున్నావా?"

"లేదు."

"నొక్కినావా? గుచ్చినాడా వాడు?"

"లేదమ్మా."

"నిజం జెప్పు అబ్బయా. నా మీద ఒట్టు."

"లేదు. ఇప్పుడే... నువ్వొచ్చినావు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బ్లేడు ఎక్కడిదని కూడా అడగలేదు. నా చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఇంటివైపు కాదు, కాలవవైపు. మిట్టమధ్యాహ్నం ఇసుక కాళ్ళు కాలుస్తోంది. నాయన ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. పడవలో కాలవ దాటినంతసేపూ నా రెండు మణికట్లూ తన ఒక్క చేత్తో బిగించి పట్టుకుంది, నేను మొహం ముట్టుకోకుండా.

అవతలి గట్టున దిగాక తిన్నగా పోయి ఒక గుడిసె ముందు ఆగింది. పందిరి కింద ముసలాయన కూర్చుని తోలు మీద కత్తి పదును పెడుతున్నాడు. నేనాయన్ని దూరంనుంచి చూశానుగాని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. వెన్ను నిటారుగా ఉంది. తెల్లటి మీసం. మామను చంపినవాడి దగ్గరికి అమ్మ నన్నెందుకు తెచ్చింది?

"పెద్దయ్యా" అంది అమ్మ.

ఆయన తలెత్తాడు. కత్తి మడిచి పక్కన పెట్టాడు. "ఏం?" అన్నాడు. కూర్చోమనలేదు.

అమ్మ నా మొహం మీది తువ్వాలు తీసింది.

ఆయన లేచి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకునే వంగి చూశాడు. "ఎన్నాళ్ళాయె?"

"రెండ్రోజులు" అన్నాను.

"తలనొప్పుండాదా? కంటికాడ బరువుగా ఉండాదా?"

"ఉంది."

"ఎవురైనా నొక్కినారా?"

నేను నోరు తెరవకముందే అమ్మ అందుకుంది. "నొక్కలేదు పెద్దయ్యా. ముల్లు దెచ్చినారు, పెట్టబోతావుంటే నేను జూసినా. ఆపినా. తగల్లేదు."

ఆయన అమ్మవైపు తిరిగాడు. "ఈసారి ఆపినావు" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. అమ్మ మాత్రం నిలబడినచోటే కూలబడిపోయింది. పందిరి గుంజ పట్టుకుని, "నీకు తెలుసా?" అంది.

"తెలవకేం పాపా. వాణ్ణి పడవెక్కించేటప్పుడు జూసినా. పెదవి మీద ముల్లు దిగిన గుర్తు నాకు కనపడదా? ఆదివారం గడ్డ జూడ్డానికి వొచ్చినప్పుడు, ముట్టుకోవద్దు, ఎవుర్నీ ముట్టుకోనీవద్దు అని నీకు జెప్పేగదా నేను పోయింది."

"అన్న వినలేదు పెద్దయ్యా." అమ్మ నా వైపు చూడకుండా, నేలను చూస్తూ చెప్పింది. "ఈ మొహంతో పీటల మీద ఎట్టా కూర్చునేది, నువ్వే తియ్యి పాపా అన్నాడు. వద్దన్నా. బతిమాలినాడు. నిమ్మముల్లు దెచ్చి గుచ్చి నొక్కినా. తెల్లగా వచ్చేసింది. పోయిందిలే అని ఇద్దరం నవ్వుకున్నాం." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ మర్నాడే కళ్ళు మూసుకుపోయినాయి. అందరూ నీ కత్తి అన్నారు. నేను నోరు మూసుకున్నా."

అప్పుడర్థమైంది నాకు. నా కాలిలో ముల్లు దిగితే అమ్మ ఎప్పుడూ తీసేది కాదు. అవ్వను పిలిచేది. చెయ్యి వణుకుతుంది అనేది.

"మరి నువ్వెందుకు జెప్పలా?" అంది అమ్మ.

"ఎవురికి జెప్పేది? నా పొది కాలవలో పారేసినోళ్ళకా?" ఆయన గొంతులో కోపం ఉంది, పాతబడినా చల్లారని కోపం. "నేను జెప్తే నమ్మేవోళ్ళా? ఒకవేళ నమ్మినా నిన్ను బతకనిచ్చేవోళ్ళా? పధ్నాలుగేళ్ళ పిల్లవి. సరే, లే. ఇప్పుడు మాటలు కాదు. సందేళ బస్సు పోతే రేపటిదాకా లేదు. పెద్దాసుపత్రికి పోవాల. లే పాపా."

ఆయన మాకంటే ముందు నడిచాడు. బస్సు కనపడగానే రోడ్డు మధ్యకు పోయి చేతులు చాపి ఆపాడు. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, "కుదుపులకు మొహం యాడా తగలనీవద్దు. వీడి చేతులు వదలొద్దు" అని కిందికి దిగాడు. నెల్లూరు చేరేదాకా అమ్మ నా చేతులు వదల్లేదు. ప్రతి గుంటకూ నా ఎడమ కన్ను ఇంకొంచెం బరువెక్కినట్టుండేది. బస్సు దిగేసరికి నా మణికట్ల మీద ఆమె వేళ్ళ గుర్తులు పడ్డాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట కూడా అదే. "ఎవరైనా నొక్కారా?" అమ్మ "లేదమ్మా, ఎవురూ ముట్టుకోలేదు" అంది. నర్సు అడిగింది. సూదులేసే కాంపౌండరు అడిగాడు. అడిగిన ప్రతివాళ్ళకూ అమ్మ అదే జవాబు, దండం పెట్టుకున్నట్టు చెప్పింది. పూట పూటకూ పెన్సిలిన్ సూదులు. మంచం చాలక వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఫినాయిలు వాసన, పక్కనెవరిదో మూలుగు.

మర్నాడు పొద్దున లేచేసరికి నా ఎడమ కన్ను తెరుచుకోలేదు.

చేత్తో తడిమితే కన్ను ఉండాల్సిన చోట మెత్తటి ముద్ద. "అమ్మా" అన్నాను. అమ్మ నా మీదికి వంగింది. ఆమె మొహంలో అప్పుడు చూసిన భయాన్ని మళ్ళీ ఎవరి మొహంలోనూ చూడలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని డాక్టరమ్మ కోసం పరిగెత్తింది. ఆవిడ వచ్చి రెప్ప విప్పి చూసి, వేళ్ళు చూపించి ఎన్నని అడిగింది. చెప్పాను. "కనపడుతోంది, భయం లేదు. ముట్టుకోకుండా తెచ్చారు కాబట్టి సరిపోయింది. మందు పనిచేయడానికి టైము పడుతుంది" అంది. భయం లేదంటే భయం పోతుందా? ఆ రోజంతా కుడి కన్ను మూయడానికి కూడా భయపడ్డాను, అది కూడా తెరుచుకోదేమోనని. కునుకు పట్టినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేవాణ్ణి. అమ్మ నా తలదగ్గర కూర్చుని, కుడి కంటి ముందు తన చెయ్యి కదిపేది. "కనపడతా ఉండాదా?" "ఉంది." మళ్ళీ కాసేపటికి, "కనపడతా ఉండాదా?"

పడవవాళ్ళు చెబితే మధ్యాహ్నానికి నాయన వచ్చాడు, ముందురోజు సముద్రం మీద కట్టిన, ఉప్పుతేలిన పంచెతోనే. నా కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టుకున్నాడు. అమ్మ ఆయనకు అన్నీ చెప్పింది. నా సంగతీ, మామ సంగతీ. వింటున్నంతసేపూ ఆయన నా పాదాలు మాత్రం వదల్లేదు.

మూడో రోజు గడ్డ తనంతట తనే పగిలింది. నాలుగో రోజు ఎడమ కంటి రెప్పల మధ్య సన్నటి గీతలా వెలుగు కనపడింది. వారానికి ఇల్లు చేరాం.

వచ్చిన రోజే అమ్మ అవ్వకు చెప్పింది. నేను వాకిట్లో మంచం మీద ఉన్నాను. తడిక అవతల అమ్మ గొంతు చిన్నగా వినపడింది, తర్వాత ఆగిపోయింది. అవ్వ ఏడుస్తుందనీ, శాపనార్థాలు పెడుతుందనీ బిగుసుకుని కూర్చున్నాను. నెత్తళ్ళ తలలు తుంచే చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంది, టక్కు టక్కుమని. ఎనిమిది రోజులు అవ్వ అమ్మతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు నాయనతో అంది, "పెద్దయ్యను పిల్చకరా. ఈ పిలగాడికి గడ్డం ఎట్టా గీసుకోవాల్నో ఆయన్నే నేర్పమను."

నాయన వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. "రానన్నాడు. పల్లె నోటితో పంపేసినారు, పల్లె నోటితోనే పిలవమన్నాడు" అన్నాడు.

అమ్మ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మధ్యాహ్నం తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకు, ఆడవాళ్ళంతా గంపలతో చేరినప్పుడు, నేనూ వెళ్ళాను. అమ్మ గంప కింద పెట్టి, తలమీది చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుని, "అందరూ ఒకమాట ఇనండి" అంది. చెప్పింది. కెరటాల హోరులో కొందరికి వినపడక మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పింది. ఒక ముసలామె ఇసుకలో ఉమ్మేసి గంపెత్తుకుని పోయింది. చాలా రోజులు కొందరు మా ఇంటివైపు చూడటం మానేశారు. అది మేము పడ్డాం.

ఆ వారమే, పల్లె పెద్దమనుషులు పోయి పిలిస్తే, పెద్దయ్య కాలవ దాటి వచ్చాడు, చంకలో కొత్త పొదితో. మా వాకిట్లోనే పీట వేశాం. అమ్మ వేణ్ణీళ్ళు తెచ్చిపెట్టి గుమ్మంలోకి పోయి నిలబడింది. అవ్వ లోపలే ఉంది.

ఆయన ముందు కత్తి తీయలేదు. సంచిలోంచి చిన్న పత్తి పింజ తీసి నా చెంప మీద పైనుంచి కిందికి లాగాడు. జారిపోయింది. కిందినుంచి పైకి లాగాడు. పట్టుకుని పోగులు నిలిచిపోయాయి. "చూసినావా? జారేది వాలు. పట్టుకునేది ఎదురు. కత్తి వాలున పోవాల" అన్నాడు. చెవి కింద, దవడ మీద, గడ్డం కింద, మెడ మీద, వేలెడు వేలెడు జాగాలో అలా పింజ లాగి చూస్తూ, తెలిసినచోటల్లా బొగ్గుముక్కతో గీత గీశాడు. చెంపల మీద కిందికి, దవడ దగ్గర చెవివైపుకు ఏటవాలుగా, మెడ కింద మాత్రం పైకి. అద్దంలో నా మొహం చూసుకుంటే గాలికి వాలిన గడ్డిలా ఉంది.

"మొహం మొహానికి వేరేగా ఉంటది అబ్బయా. పక్కోడు ఎట్టా గీసుకున్నాడని జూడబాక. నీది నువ్వు తెలుసుకో. వేణ్ణీళ్ళతో బాగా నాననీ. తోలు సాగదీసి పట్టుకో. కత్తిని అదమబాక, దాని బరువు చాలు. ముక్కు కింద ఎప్పుడూ, ఎప్పుడూ కిందికే."

తర్వాత కత్తి విప్పాడు. చల్లటి అంచు గొంతుకు తగలగానే నా ఒళ్ళంతా బిగిసింది. వాకిలి చుట్టూ జనం. ఒక్కరూ కదల్లేదు. ఆయన చెయ్యి మాత్రం తొణకలేదు. మెడ ఎడమ పక్కకొచ్చేసరికి ఆగాడు. మళ్ళీ పింజ తీసి నాలుగువైపుల నుంచీ లాగి చూశాడు. బొటనవేలితో అక్కడ రాసి, చిన్నగా నవ్వాడు.

"ఇక్కడ సుడి ఉండాది. మీ మామకు గూడా ఇక్కడే. వాడి మొదటి గడ్డం నేనే గీసినా. సరిగ్గా ఇక్కడే, ఎడమ పక్క, ఇంతే."

లోపల ఏదో చప్పుడైంది. అవ్వ బయటికొచ్చింది. ఇరవయ్యేళ్ళు తాను తిట్టిన మనిషి ఎదుటికి వచ్చి నిలబడింది. మామకు ఫోటో లేదు. మా పల్లెలో ఎవరికీ ఫోటోలు లేవు. చివర చూసిన వాచిన మొహమే అవ్వ కళ్ళలో మిగిలిపోయిందనీ, అంతకుముందు మొహం ఎంత తలచుకున్నా రావడం లేదనీ ఆ తర్వాత ఎప్పుడో అమ్మ చెప్పింది.

అవ్వ వంగి, సబ్బు నురగ మీదే నా మెడ తడిమింది. "ఇక్కడనా?" అంది.

"ఇంకొంచెం కిందికి" అన్నాడాయన. ఆమె వేలు పట్టుకుని సుడి మీద పెట్టాడు.

"గడ్డం?" అంది అవ్వ. "గడ్డం ఎట్టా ఉండేది వాడికి?"

"వీడికంటే వెడల్పు. మధ్యలో చిన్న సొట్ట. దాంట్లో కత్తి పోయేది కాదు, నవ్వుతా ఉండేవాడు, కదలబాకరా అని అరిచేవోణ్ణి."

"సొట్ట" అంది అవ్వ. "ఆ. సొట్ట ఉండేది." అక్కడే ఇసుకలో కూర్చుంది. "ఇంకా జెప్పు."

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి ఆయన వచ్చేవాడు. అవ్వ పక్కన కూర్చుని ప్రతిసారీ ఏదో ఒకటి అడిగేది. ఆయనకు గుర్తున్నది చెప్పేవాడు, గుర్తులేనిది లేదనేవాడు. అవ్వ అమ్మతో కూడా మెల్లగా మాటలు కలిపింది. పూర్తిగా మునుపటిలా అయిందని మాత్రం చెప్పలేను. ఆ మనుషులెవరూ ఇప్పుడు లేరు. దిబ్బ నిండా రొయ్యల గుంటలు.

చదువుకోసం నెల్లూరు వెళ్ళి సెలవులకొచ్చినప్పుడు నేనే వాకిట్లో కూర్చుని గీసుకునేవాణ్ణి. అమ్మ గుమ్మంలో నిలబడేది. దగ్గరకొచ్చేది కాదు, చూసేదీ కాదు. నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, నా తల నెరిసిన తర్వాత కూడా, నేను కత్తి పట్టిన ప్రతిసారీ తలుపు పట్టుకుని అటు తిరిగి నిలబడి, "అయిందా అబ్బయా?" అని అడిగేది. "అయిందమ్మా" అనేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు.